బంగారు చెట్టులో చిక్కుకున్న రైలు

వెర్నన్ టేగ్‌లండ్ టోర్డాల్ ఊరి చుట్టుపక్కల పొలాలకు ఉత్తరాలు పంచినంతకాలం సరుకుల బొమ్మలు చూసి తపాలాలో తెప్పించుకునే క్రిస్మస్ కేటలాగులను తిట్టినవాడే. అక్టోబరు చివర షికాగో నుంచి అవి వచ్చిన వారం ఇంట్లో ఎవరూ ఆయన్ని పలకరించేవారు కాదు. ఒక్కొక్కటి ఇటుకంత బరువు. ఇంటికొకటి, కొన్ని ఇళ్ళకి రెండేసి. కారు వెనక టైర్లు కుంగిపోయేవి. సాయంత్రం ఇంటికొచ్చి వంటింట్లో నేలమీద వెల్లకిలా పడుకుని, పైకప్పుని చూస్తూ, "మనిషికి ఇన్ని వస్తువులెందుకు మార్వెల్? బట్ట, తిండి, మంచు ఎత్తిపోసుకోడానికో పార. అంతకుమించి ఏం కావాలి?" అనేవాడు. ఆ నడుముకి వేడినీళ్ళ సంచీ పెట్టింది భార్య మార్వెల్. అందుకని ఆవిడకి బాగా గుర్తు.

ఆయన రిటైరయ్యాడు. కంపెనీలు కేటలాగులు అచ్చు వెయ్యడం ఆపేశాయి. అంతే, అదే మనిషి రాత్రికి రాత్రి కేటలాగు భక్తుడైపోయాడు. రోజూ పొద్దున్నే పెట్రోలు బంకులో కాఫీ కప్పు ముందు పెట్టుకుని, "ఆ పుస్తకం తెరిస్తే వచ్చే వాసనే వేరు. ఇప్పటి పిల్లలకేం తెలుసు, వేలితో ఫోను రుద్దుకుంటారు," అని మొదలుపెట్టేవాడు. చుట్టూ కూర్చున్న ముసలాళ్ళందరూ తలలాడించేవారు. ఒకాయనకి బొమ్మ తుపాకుల పేజీలు గుర్తు, ఇంకొకాయనకి మంచుబండి గుర్తు. భార్యలకి తెప్పించిన బూట్లు రెండూ ఎడమకాలివే వచ్చిన సంగతిగానీ, కంచులా కనిపించిన దీపం రేకుదని తేలిన సంగతిగానీ అక్కడ ఎవరికీ గుర్తు లేదు. జ్ఞాపకాల్లో తెప్పించుకున్న సరుకు ఎప్పుడూ సరైన సైజులోనే వస్తుంది.

నిజానికి టోర్డాల్ జనం పోగొట్టుకున్నది బొమ్మలు కాదని మార్వెల్‌కి లోలోపల తెలుసు. మిన్నెసోటా రాష్ట్రం మొత్తంలో మొహమాటానికి పోటీ పెడితే టోర్డాల్ లూథరన్ క్రైస్తవులకి మొదటి బహుమతి వస్తుంది, అది తీసుకోడానికి మాత్రం ఒక్కరూ వేదికెక్కరు. అక్కడ నోరు తెరిచి "నాకిది కావాలి" అనడం భోజనాల బల్ల మీదెక్కి గంతులెయ్యడంతో సమానం. కాఫీ ఇస్తామంటే వద్దనాలి, మళ్ళీ వద్దనాలి, ఆపైన "పొయ్యండి, అర కప్పు చాలు" అనాలి. మరి మనిషికి కోరికలు ఉండవా అంటే ఉంటాయి. వాటికోసమే కేటలాగు. కావలసినదాని చుట్టూ రంగు పెన్సిలుతో సున్నా చుట్టి, పేజీ మూల మడిచి, అమ్మానాన్నలకి కనపడేచోట, తెరిచి మర్చిపోయినట్టు వదిలెయ్యాలి. అడిగినట్టూ కాదు, అడగనట్టూ కాదు. కేటలాగులు ఆగిపోయాక ఎవరికేం కావాలో ఎవరికీ తెలియక, ఊరంతా ఒకరికొకరు టార్చిలైటు బ్యాటరీలు ఇచ్చుకుంటున్నారు.

మార్వెల్ పెళ్ళి కూడా అలాగే కుదిరింది. అప్పటికి ఆవిడ వాళ్ళ నాన్న పాడిపశువుల కొట్టంలో పాలు పితుకుతుండేది. వెర్నన్ కొత్తగా ఉత్తరాల ఉద్యోగంలో చేరాడు. ఒక అక్టోబరులో వాళ్ళ పెట్టెలో వేసిన కేటలాగులో ఉంగరాల పేజీ మూల మడిచి, ఒక ఉంగరం చుట్టూ సున్నా చుట్టి ఉంది. మార్వెల్ రెండు వారాలు ఆలోచించి, ఆయన చూపించినదానికంటే చిన్న ఉంగరం చుట్టూ పెన్సిలు సున్నా చుట్టి, ఆ పుస్తకాన్ని ఉత్తరాల పెట్టె మీద పెట్టింది. క్రిస్మస్‌కి ఉంగరం వచ్చింది, జూన్‌లో పెళ్ళయింది. నోటితో మాత్రం ఆవిడ ఇప్పటికీ సరే అనలేదు.

ఇక రైలు సంగతి. అది చెప్పకపోతే వెర్నన్ సంగతి అర్థం కాదు.

ఆయన తొమ్మిదేళ్ళ పిల్లవాడిగా ఉన్నప్పుడు కేటలాగులో కరెంటుతో నడిచే రైలుబొమ్మ ఒకటి వచ్చింది. నల్ల ఇంజను, ఎర్ర పెట్టెలు, దానికో సొరంగం. వెర్నన్ దాని చుట్టూ సున్నా చుట్టి, పుస్తకాన్ని తండ్రి కుర్చీలో, తండ్రి కూర్చుంటే కిందికి గుచ్చుకునేలా పెట్టాడు. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం పెద్ద పెట్టె వచ్చింది. విప్పితే, మెడ నుంచి చీలమండల దాకా ఒకటే ముక్కగా కుట్టిన ఉన్ని లోదుస్తులు, వెనకాల బొత్తాలు పెట్టిన తలుపుతో సహా. కుర్రాడి మొహం చూసి తల్లికి ఏం చెప్పాలో తోచలేదు. ఆ కంపెనీకి ఒక రూలు ఉండేది, అడిగిన సరుకు అయిపోతే దానికి సమానమైనదో, అంతకంటే మెరుగైనదో పంపుతామని. తల్లి దాన్ని పట్టుకుని, "రైళ్ళు అయిపోయాయట నాన్నా. బదులుగా ఇవి పంపారు," అంది.

తొమ్మిదేళ్ళ వెర్నన్ ఆ లోదుస్తుల్ని కాసేపు చూసి, "సర్లే," అన్నాడు.

ఆ మాట మార్వెల్‌కి వాళ్ళ అత్తగారు చెప్పింది. "ఏడ్చి ఉంటే మర్చిపోయేదాన్ని. 'సర్లే' అన్నాడే, అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది," అందట. అది ఎలాంటి 'సర్లే'యో పెళ్ళయ్యాక మార్వెల్‌కీ తెలిసింది. రెండుసార్లు విన్నది. దానికంటే గిన్నె విసిరికొట్టినా బాగుండేదనుకుంది.

వెర్నన్ రిటైరైన కొన్నేళ్ళకి, ఒక శరదృతువులో చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరు క్రిస్టాకి ఒక ఆలోచన వచ్చింది. ఆవిడది ఎక్కడో దూరాన సియాటిల్ నగరం. ఏదైనా నోటితో చెబితేనే అర్థమయ్యే మనిషి. "మీరందరూ పాత కేటలాగుల గురించే మాట్లాడుకుంటున్నారు కదా, డిసెంబరులో చర్చి నేలమాళిగలో కేటలాగు క్రిస్మస్ విందు పెడదాం. వెర్నన్ గారూ, మీరు మాట్లాడండి," అంది. వెర్నన్ వద్దన్నాడు, మళ్ళీ వద్దన్నాడు. మూడోసారి అడిగేవాళ్ళు లేక ఆవిడ వెళ్ళిపోబోతుంటే వెనకే పరుగెత్తి ఒప్పుకున్నాడు.

బల్లల అలంకారం ఆడవాళ్ళ సంఘానికి వచ్చింది. దానికి వేరే ఆలోచన అక్కర్లేదు. పాత కేటలాగు అట్ట చింపేసి, ఒక్కొక్క పేజీని పైమూల పట్టుకుని కుట్టు దగ్గరికి మడిచి, మళ్ళీ ఒకసారి మడిచి, అడుగున మిగిలిన ముక్కని లోపలికి తోసేస్తే పుస్తకం మొత్తం శంకువులా విచ్చుకుని చెట్టవుతుంది. బంగారు రంగు చల్లి, కొసన నక్షత్రం గుచ్చితే అయిపోయినట్టే. ఈ ఊరి ఆడవాళ్ళు ఆ పని నిద్రలో కూడా చెయ్యగలరు. కేటలాగులు కరువైనప్పటి నుంచి విత్తనాల పుస్తకాలు, ట్రాక్టరు విడిభాగాల పుస్తకాలు, టెలిఫోను డైరెక్టరీలు మడుస్తున్నారు.

మంగళవారం మధ్యాహ్నం అందరూ మార్వెల్ ఇంట్లో చేరారు. పక్కింటి ఆర్లిస్ బ్రాటెన్ వెనక వరండాలోకి వెళ్ళి, అక్కడున్న కట్టని కట్టలాగే ఎత్తుకొచ్చి, అట్టలు చింపి పొయ్యిలో వేస్తూ, పుస్తకాలు అందరికీ పంచింది. పంచుతూనే మొదలుపెట్టింది.

"పోయిన గురువారం లొరేన్ కారు ఎక్కడుందో చెప్పుకోండి చూద్దాం."

లొరేన్ మికెల్సన్ చర్చిలో ఆర్గన్ వాయిస్తుంది. ఆ రోజు జలుబని రాలేదు. రాని మనిషి గురించి మాట్లాడటం ఎంత సుఖమో వేరే చెప్పక్కర్లేదు.

"ఎక్కడుంది?" అంది మార్వెల్.

"పక్కూరి క్యాథలిక్కుల చర్చి ముందు."

మార్వెల్ చేతులు ఒక్క క్షణం ఆగి, రెండింతల వేగంతో మడవసాగాయి. "దారిలో కారు చెడిపోయిందేమో పాపం," అంది, అలా అయి ఉండకూడదని మనసులో కోరుకుంటూ.

"చెడిపోతే రోడ్డు మీద ఆగుద్ది. రెండు గీతల మధ్యా తిన్నగా పార్కింగులో ఆగుద్దా?"

"వాళ్ళ ఆర్గన్ కొత్తదటే. మూడు వరసల మీటలట."

"మీటల కోసం మతం మారతారా ఎవరైనా?"

"మీటల కోసం కాదేమో. వాళ్ళు అన్నీ మెత్తగా పెడతారట, మోకాళ్ళ కింద కూడా దిండ్లేనట," అంది ఆర్లిస్, నరకం గురించి చెబుతున్నంత నెమ్మదిగా.

ఇలాంటి కబురు నడుస్తుంటే చేతిలో ఉన్న పుస్తకం వైపు ఎవరు చూస్తారు? కాగితం కాస్త మందంగా ఉందని, పాతబడ్డ అల్మరా వాసనేదో వస్తోందని మార్వెల్‌కి తోచింది. సరిగ్గా అప్పుడే లొరేన్ మొగుడు ఈ మధ్య క్యాథలిక్కుల్లా శుక్రవారాలు మాంసం మాని చేపలు తింటున్నాడని ఇంకొకావిడ అందుకుంది. వాసన సంగతి అలా పోయింది. చీకటిపడే లోపల చెట్లన్నీ బంగారు రంగు పులుముకుని చర్చికి వెళ్ళిపోయాయి.

గురువారం రాత్రి భోజనాల దగ్గర వెర్నన్ బఠాణీలు వడ్డించుకుంటూ, "ఎవరికీ చెప్పనంటే నీకొకటి చెప్తా," అన్నాడు.

"నేనెప్పుడైనా ఎవరికైనా చెప్పానా?"

వెర్నన్ నిదానంగా రొట్టెకి వెన్న రాసుకున్నాడు. ఆ తర్వాత చెప్పాడు. మేనకోడలి కంప్యూటర్లో వెతికించి, ఒహాయో రాష్ట్రంలో ఎవరి దగ్గరో తన తొమ్మిదేళ్ళప్పటి కేటలాగే సంపాదించాడట. రైలు పేజీ ఉందని అమ్మినవాడు ప్రమాణం చేశాడట.

"మరి చూశావా?"

"లేదు. పొట్లం విప్పాను, అట్ట చూశాను, మూసేశాను. శనివారం అందరి ముందూ తెరుస్తా."

"చేతిలో పెట్టుకుని చూడకుండా ఎలా ఉన్నావయ్యా?"

"ఇన్నేళ్ళు ఆగినవాణ్ణి, ఇంకో రెండ్రోజులు ఆగలేనా?" అన్నాడు వెర్నన్. చెవులు కాస్త ఎర్రబడ్డాయి. డెబ్బై దాటిన ఆ మొహంలో తొమ్మిదేళ్ళ కుర్రాడొకడు తొంగిచూసి వెళ్ళాడు. "ఎక్కడ దాచానో తెలుసా? వెనక వరండాలో. విత్తనాల పుస్తకాల కింద. చల్లటి చోట కాగితం పాడవదట."

మార్వెల్ నోట్లో బఠాణీ గింజ నమలడం ఆగిపోయింది.

"ఏం, మాట్లాడవు?"

"బఠాణీలు చల్లారిపోతున్నాయి, తిను," అంది మార్వెల్.

మర్నాడు ఆయన పెట్రోలు బంకుకి వెళ్ళగానే మార్వెల్ పెరటి కంచె దాటి ఆర్లిస్ వంటింట్లోకి వెళ్ళి, కోటు కూడా విప్పకుండా కూర్చుంది. సంగతంతా విన్నాక ఆర్లిస్ చెంపన చెయ్యి పెట్టుకుంది.

"దాని అట్ట చింపింది నేనే. ఎర్ర టోపీ పెట్టుకున్న పిల్లాడి బొమ్మ ఉంది దానిమీద. చూశాను కూడా. ఎంత బాగున్నాడో అనుకుంటూ పొయ్యిలో పెట్టాను."

"మడిచింది మాత్రం నేను. ఆ వాసన నా చేతికొచ్చిన పుస్తకానిదే."

"చెప్పెయ్యవే. వెర్నన్ అరిచే మనిషి కాదు."

"అరిస్తే ఇంకేం. 'సర్లే' అంటాడు. ఆ పిల్లాడు ఆ రైలు కోసం ఇన్నాళ్ళు కూర్చుంటే, మళ్ళీ 'సర్లే' అనిపించేది నేనా? వినలేనే."

ఇద్దరూ చర్చి నేలమాళిగకి వెళ్ళారు. బల్లల నిండా బంగారు చెట్లు, ఒక్కదానికీ ఇంకొకదానికీ తేడా లేదు. చెరో వైపు నుంచీ మొదలుపెట్టి మడతలు విడదీసి లోపలికి తొంగిచూడసాగారు. టమాటా విత్తనాలు. ట్రాక్టరు గేర్లు. ఫోను నంబర్లు. మళ్ళీ టమాటాలు. పాస్టరు క్రిస్టా మెట్ల మీద నిలబడి చూసి, ఈ ఊళ్ళో చెట్లని ఆశీర్వదించే పద్ధతేదో ఉందనుకుని అడగకుండా వెళ్ళిపోయింది.

"ఇదిగో, ఇందులో బొమ్మలున్నాయి," అంది ఆర్లిస్.

మార్వెల్ కళ్ళజోడు సరిచేసుకుని ఒక్కొక్క మడతా విప్పింది. అడుగుభాగంలో, రెండు మడతల మధ్య చీకట్లో, నల్ల ఇంజను ముక్కు కనబడింది. దాని వెనక ఎర్ర పెట్టెలు, ఒంగిపోయిన సొరంగం. ఇంజను కొసకి కాస్త బంగారు రంగు అంటుకుంది. అంతా ఉంది. కేటలాగుగా మాత్రం లేదు.

అక్కడికక్కడే పథకం వేసుకున్నారు. ఊళ్ళో ఏ విందుకైనా ప్రతి బల్ల దగ్గరా ఒక కుర్చీ అడుగున స్టిక్కరు అంటిస్తారు. అది ఎవరి కుర్చీకి ఉంటే ఆ బల్లమీది అలంకారం వాళ్ళది. మార్వెల్ ఆ చెట్టుని ముందు బల్ల మీదికి మార్చి, వెర్నన్ కూర్చోబోయే కుర్చీ అడుగున స్టిక్కరు అంటించింది. చెట్టు ఆయన చేతికొస్తుంది. ఉపన్యాసానికి ముందు కాఫీ సమయంలో వంటింటి వైపు తీసుకెళ్ళి చెప్పొచ్చు, కనీసం చూపించడానికి చేతిలో ఏదో ఒకటుంటుంది. వరండాలోంచి పుస్తకం తానే తెస్తానని, ఉపన్యాసం కాగితాలు చదువుకొమ్మని ఇంటికెళ్ళాక ఆయనకి చెప్పి ఒప్పించింది. బాగానే ఉందనుకున్నారు ఇద్దరూ. వెర్నన్ టోర్డాల్ మనిషన్న సంగతి ఆ హడావిడిలో మర్చిపోయారు.

శనివారం సాయంత్రం నేలమాళిగ కిటకిటలాడింది. మాంసం, బంగాళాదుంపలు కలిపి కాల్చిన హాట్‌డిష్ గిన్నెలు, పల్చటి లెఫ్సా రొట్టెలు, మూడు రంగుల్లో వణికే జెల్లీ. ప్రతి గిన్నెలోనూ చివరి ముక్క ఒకటి మిగిలింది, దాన్ని ఎవరూ ముట్టుకోరు. వెర్నన్ పెళ్ళినాటి టై కట్టుకుని ముందు బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆయన పక్కన లొరేన్, జలుబు తగ్గి.

"అందరూ కుర్చీ అడుగున తడుముకోండి," అంది పాస్టరు క్రిస్టా.

అందరూ తడుముకున్నారు. వెర్నన్ చేతికి స్టిక్కరు తగిలింది. రెండు బల్లల అవతల మార్వెల్ ఊపిరి పీల్చుకుంది.

"నాకెందుకూ, ఇంకెవరికైనా ఇవ్వండి," అన్నాడు వెర్నన్.

"మీకే వచ్చింది, తీసుకోండి."

"అబ్బే, నేనేం చేసుకుంటాను."

"తీసుకోవయ్యా," అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు.

"వద్దు వద్దు," అని, అంతటితో ఊరుకోకుండా, వెర్నన్ ఆ చెట్టుని రెండు చేతులా ఎత్తి లొరేన్ ముందు పెట్టాడు. "నువ్వు తీసుకో లొరేన్. ఇన్నేళ్ళనుంచీ మాకోసం వాయిస్తున్నావు."

హాలంతా మెచ్చుకుంది. లొరేన్ ఒక్కసారి "నాకా, వద్దండీ," అని, రెండోసారి అనకుండా చెట్టుని ఒళ్ళోకి తీసుకుంది. "చూశావా, ఒక్కసారే వద్దంది. క్యాథలిక్కుల సావాసం అప్పుడే పని చేస్తోంది," అని ఆర్లిస్ మార్వెల్ చెవిలో గొణిగింది. మార్వెల్‌కి వినపడలేదు. మర్చిపోతానేమో ముందే కారులో పెట్టుకొస్తానంటూ లొరేన్ లేచి మెట్ల వైపు నడుస్తోంది. అటువైపు వెర్నన్ కళ్ళజోడు తుడుచుకుంటూ స్టాండు దగ్గరికి వెళుతున్నాడు, పుస్తకం ఏదని మార్వెల్ వైపు చూస్తూ.

మార్వెల్ లేచి నిలబడింది.

"లొరేన్, ఆగు. ఆ చెట్టు నాకు కావాలి."

జెల్లీ తప్ప హాల్లో ఏదీ కదల్లేదు. టోర్డాల్ చర్చి నేలమాళిగలో ఒక మనిషి, ఇంకొకరికి ఇచ్చేసిన వస్తువుని, నలుగురి ముందూ, నోటితో అడగడం ఎవరూ ఎన్నడూ ఎరగరు. ఒక ముసలాయన చేతిలో కాఫీ కప్పుని మెల్లగా, చప్పుడు కాకుండా సాసరులో పెట్టాడు.

లొరేన్ మొహం ఎర్రబడింది. "నాకు తెలుసు ఎందుకో. నా కారు చూశారు కదూ? క్యాథలిక్కుల దగ్గరికి పోయేదానికి లూథరన్ల చెట్టెందుకని. అంతేనా?"

ఆర్లిస్ తన పళ్ళెంలోకి చూడసాగింది. ఆడవాళ్ళ సంఘం మొత్తం ఎవరి పళ్ళెంలోకి వాళ్ళు చూడసాగారు.

"అది కాదు లొరేన్," అంది మార్వెల్. "నీ కారు సంగతి మాట్లాడుకున్నాం. నిజమే. అది మాట్లాడుకుంటూనే ఈ చెట్టు మడిచాను. ఏం మడుస్తున్నానో చూడలేదు. నీ కబురు అంత బాగుంది." వెర్నన్ వైపు తిరిగింది. "అది నీ కేటలాగు వెర్నన్. విత్తనాల పుస్తకాల కింద ఉన్నదే. నేనే మడిచాను. రంగు కూడా కొట్టాం."

అట్ట చింపింది తానేనని ఆర్లిస్ పళ్ళేనికి చెప్పింది.

లొరేన్ చెట్టుని గుండెలకి ఆనించుకుంది. "నేను వెళ్ళింది వాళ్ళ బెంచీ మీద కూర్చుని చూడటానికి. మన ఆర్గన్ బెంచీ కర్రది. నాకు నడుం పట్టేస్తోంది. బెంచీ దిండుకి సున్నా చుట్టి, చర్చి సామాన్ల పుస్తకాన్ని పాస్టరు గారి బల్లమీద తెరిచి పెట్టాను. ప్రతి ఆదివారం తెరిచి పెడుతున్నాను."

"ఆ పుస్తకమా?" అంది పాస్టరు క్రిస్టా. "ఎవరో మర్చిపోయారనుకుని ప్రతి సోమవారం మూసి షెల్ఫులో పెడుతున్నాను. కావాలంటే అడగొచ్చుగా లొరేన్?"

అందరూ ఆవిణ్ణి జాలిగా చూశారు. పై ఊరి మనిషి, పాపం.

"అడుగుతున్నాను, దిండు కావాలి," అంది లొరేన్. తన గొంతు తనకే కొత్తగా వినిపించినట్టు చుట్టూ చూసింది. ఆ తర్వాత వచ్చి చెట్టుని వెర్నన్ చేతుల్లో పెట్టింది.

మార్వెల్ ఆయన పెదాల్నే చూస్తోంది. అవి విడివడ్డాయి. ఆ మాట పుట్టేటప్పుడు పెదాలు ఎలా వెడల్పవుతాయో ఆవిడకి తెలుసు. వెడల్పయ్యాయి కూడా. అక్కడే ఆగాయి.

"ఏ వైపు ఉంది?" అన్నాడు వెర్నన్.

"గోడ వైపున్న పక్కని నీ వైపు తిప్పు. అడుగు మడత."

ఆయన చెట్టుని స్టాండు మీద పెట్టి, ఉత్తరాలు వేరుచేసిన ఆ వేళ్ళతో మడతలు ఒక్కొక్కటే విడదీసుకుంటూ వెళ్ళాడు. ఒకచోట ఆగాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని లోపలికి వంగాడు. హాలంతా ఆయన వీపుని చూస్తూ కూర్చుంది.

"దీని చుట్టూ ఎవడో సున్నా చుట్టాడు," అన్నాడు చాలాసేపటికి, మైకు పక్కనే ఉన్నందువల్ల అందరికీ వినపడింది. "నీలం రంగుతో. ఒహాయో కుర్రాడెవడో. సొరంగంతో సహా చుట్టాడు వెధవ." ఇంకా వంగాడు. "వాడికి వచ్చిందో లేదో."

వెర్నన్ నిటారుగా నిలబడి, రాసుకొచ్చిన కాగితాల్ని జేబులో పెట్టేశాడు. కేటలాగు వాసన గురించి, ఇప్పటి పిల్లల గురించి నెలరోజులుగా రాసుకున్నవన్నీ అందులోనే ఉన్నాయి. అవి ఊరికి దక్కకుండా పోయినందుకు ఎవరూ బాధపడినట్టు లేదు.

"నాకు తొమ్మిదేళ్ళప్పుడు రైలుకి బదులు లోదుస్తులొచ్చాయి," అన్నాడు. "కంపెనీ వాడి రూలు మీ అందరికీ తెలుసు, సమానమైనదో మెరుగైనదో పంపాలి. కేటలాగుకి బదులు ఈసారి చెట్టొచ్చింది. ఇది సమానమో మెరుగో మీరే వచ్చి చూసి చెప్పండి. చూడాలనున్నవాళ్ళు వరసలో రండి."

"మేమెందుకులే," అన్నారు అందరూ. "మాకు పర్లేదు," అన్నారు. అంటూనే లేచి వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కరే వంగి, మడతలోకి ఒక కన్ను పెట్టి చూసి, బంగారం అంటిన ముక్కుతో పక్కకి తప్పుకున్నారు. పెట్రోలు బంకు ముసలాయనొకడు రెండోసారి వరసలో నిలబడి దొరికిపోయాడు.

ఇంటికెళ్ళేటప్పుడు కారు మార్వెల్ నడిపింది. వెర్నన్ చెట్టుని ఒళ్ళో పెట్టుకుని, అద్దంలోంచి వీధిదీపం వెలుగు పడ్డప్పుడల్లా మడత విప్పి చూసుకుంటున్నాడు.

"ఇలాంటి చెట్లు ఇప్పుడెవరు మడుస్తున్నారు మార్వెల్? ఆ కాలం పోయింది," అన్నాడు.

"మంగళవారమే కదయ్యా మడిచాను."

ధాన్యం గోదాము దాటాక మార్వెల్, "నువ్వు 'సర్లే' అంటావనుకున్నాను," అంది.

"అందామనే నోరు తెరిచాను. ఈలోపల నువ్వు నిలబడి 'నాకు కావాలి' అన్న మాట గుర్తొచ్చింది. నీ నోటంట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. దాంతో 'సర్లే' ఎటో పోయింది." వెర్నన్ చెట్టు కొసన వంగిపోయిన నక్షత్రాన్ని సరిచేశాడు. "ఎలాగూ నోరు తెరిచావు కదా, ఆ ఉంగరానికి సరేనో కాదో కూడా చెప్పెయ్యరాదూ? పాపం, అడిగి చాలాకాలమైంది."

మార్వెల్ వేలికున్న ఆ చిన్న ఉంగరాన్ని స్టీరింగు మీద ఒకసారి చూసుకుని, ఇంటి వైపు మలుపు తిప్పింది.

"ఆలోచిస్తున్నాను," అంది.